పాపతో ఒక్క సెలవు రోజు: జూపార్కా, సాలార్‌జంగ్ మ్యూజియమా?

వారం మధ్యలో ఒక్కరోజు సెలవు దొరికింది. ఇంట్లో నాలుగేళ్ల పాప. హైదరాబాద్‌లో ఎటు తీసుకెళ్లాలి?

ముందు అది ఏ రోజో చూసుకోండి. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు, మ్యూజియానికి శుక్రవారం.

నడక: జూ దాదాపు 380 ఎకరాలు. పులి దగ్గరికి చేరేలోపే "నాన్నా, ఎత్తుకో" మొదలవుతుంది. బ్యాటరీ బండి ఎక్కితే నడుము దక్కుతుంది. మ్యూజియంలో నడక తక్కువే గానీ, "ముట్టుకోకు" అని వందసార్లు అనాలి. ఆ టెన్షన్ వేరు.

ఖర్చు: రెండుచోట్లా టికెట్ పెద్ద భారం కాదు. జూలో టాయ్ ట్రైన్, ఐస్‌క్రీమ్ కలిసి జేబు ఖాళీ చేస్తాయి.

ఎండ: మే నెల మధ్యాహ్నం జంతువులే నీడలో పడుకుంటాయి, మనమెందుకు తిరగడం?

సరదా: జూలో ఏనుగు చాలు. మ్యూజియంలో పిల్లలకు నిజంగా నచ్చేది పాత గడియారం. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు! మేలిముసుగు రెబెకా శిల్పం మన కోసం, పాపకు అక్కర్లేదు.

చలికాలమై, పొద్దున్నే బయల్దేరగలిగితే జూ. ఎండలు, వానలు, లేదా చేతిలో ఒక్క పూటే ఉంటే గడియారం.