తాగి నడిపినవాడా, ఓనరా, ఇన్సూరెన్సా, పబ్బా: పరిహారం ఎవరి నుంచి రాబట్టుకోవాలి?

బెంగళూరులో తాగి నడిపిన బండి కింద ఇంటి మనిషిని పోగొట్టుకున్న తెలుగు కుటుంబాలు పదే పదే అడిగేది ఒకటే: "డ్రైవర్ తాగి ఉన్నాడు కాబట్టి ఇన్సూరెన్స్ రాదట కదా, ఇంక ఎవర్ని అడగాలి?" ఈ భయంతోనే చాలామంది ఓనర్ చేతిలో పెట్టే రెండు మూడు లక్షలు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం చేసేస్తున్నారు. దయచేసి చేయకండి.

ట్రాఫిక్ పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు శిక్ష కోసం. పరిహారం తేల్చేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్. బెంగళూరులో వేసేట్టయితే స్మాల్ కాజెస్ కోర్టుకు వెళ్లాలి. క్రిమినల్ కేసు కొట్టేసినా క్లెయిమ్ దానంతట అది పోదు, ఎందుకంటే ఇక్కడ అంత గట్టి రుజువు అక్కర్లేదు.

తప్పు డ్రైవర్‌దే, సందేహం లేదు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాల్ ఉందని రిపోర్టు వస్తే అతని నిర్లక్ష్యాన్ని నిరూపించడం సులువవుతుంది. కానీ నెల జీతం మీద బతికే మనిషి నుంచి నలభై లక్షలు వసూలయ్యేదెప్పుడు? అతన్ని పార్టీగా చేర్చండి, అతని మీదే ఆశ పెట్టుకోకండి.

ఓనర్ అంటే ఆర్‌సీలో పేరున్నవాడు. "ఎప్పుడో అమ్మేశాను" అన్నా, ఆర్‌సీ మారకపోతే బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. కంపెనీ బండైతే కంపెనీయే ఓనర్. పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి, పాలసీ ఏ కంపెనీదో, ప్రమాదం రోజుకి అది నడుస్తోందో లేదో మొదటి వారంలోనే చూసుకోండి.

అసలు తేల్చేది ఇన్సూరెన్సే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, దాని 150వ సెక్షన్‌లో బీమా కంపెనీ కట్టనని చెప్పడానికి వాడుకోగల వాదనల్లో తాగి నడపడాన్ని కూడా చేర్చారు, నిజమే. కంపెనీ లాయరు మొదట ఎత్తేదీ అదే. అయితే ఆ షరతు కంపెనీకీ ఓనర్‌కీ మధ్య ఉన్న ఒప్పందం. రోడ్డు మీద నడుస్తూ చనిపోయిన మనిషికి దాంతో ఏం సంబంధం? అందుకే కోర్టులు "ముందు కుటుంబానికి కట్టు, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకో" అంటున్నాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో లైసెన్సు లేని డ్రైవర్ల విషయంలో స్థిరపడిన ఈ పద్ధతిని కేరళ, మద్రాసు హైకోర్టులు తాగి నడిపిన కేసుల్లోనూ పాటించాయి. ట్రైబ్యునల్ ఎప్పుడైనా కంపెనీని పూర్తిగా వదిలేస్తే అక్కడితో ఆగకండి, 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయండి. థర్డ్ పార్టీ మరణానికి మామూలుగా పాలసీలో గరిష్ఠ పరిమితి ఉండదు.

చనిపోయినవారు అదే కారులో స్నేహితుడిగా కూర్చున్నా, అదే బైక్ వెనక సీటులో ఉన్నా పరిస్థితి మారుతుంది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ వాళ్లకు వర్తించదు, ప్యాకేజీ (కాంప్రిహెన్సివ్) పాలసీ ఉండాలి. అందుకని పాలసీ కాపీ తెప్పించి, ప్రీమియం వివరాలున్న పేజీ చదవండి.

క్లెయిమ్ వేయడానికి అదే చట్టంలోని 164, 166 సెక్షన్లలో ఏది మేలు? 164 కింద తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేదు, మరణానికి 5 లక్షలు వస్తాయి, అంతే. 166 కింద డ్రైవర్ తప్పు నిరూపించాలి, కానీ పరిహారం సంపాదనను బట్టి లెక్కిస్తారు. తాగి నడిపాడని రిపోర్టు చేతిలో ఉంటే 166నే ఎంచుకోండి. లెక్క చూడండి: 29 ఏళ్ల క్యాబ్ డ్రైవర్, సొంత బండి, నెలకు 25,000 సంపాదన, ఇంట్లో భార్య, బిడ్డ, తల్లి. భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 35,000. సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేసి 12తో గుణిస్తే ఏడాదికి 2,80,000. ఆ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది మొత్తాన్ని గుణించే సంఖ్య, 17. మొత్తం 47,60,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు, తల్లి కోల్పోయిన తోడుకు ఇచ్చేవీ, వడ్డీ వేరే. ఈ మొత్తాన్ని వదిలి 5 లక్షలకు ఒప్పుకోమని ఎవరు చెప్పినా వినకండి. సంపాదనకు ఆధారంగా బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, యాప్‌లో వచ్చిన చెల్లింపుల వివరాలు తీసిపెట్టండి. అవి లేకపోతే కోర్టు తన అంచనా వేసుకుంటుంది, అది సాధారణంగా తక్కువే ఉంటుంది.

మందు పోసిన పబ్బు మీద కోపం న్యాయమైనదే. కానీ ఈ ట్రైబ్యునల్ చూసేది బండి వాడకం వల్ల వచ్చిన బాధ్యతనే. పబ్బు మీదికి వెళ్లాలంటే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద రెండేళ్లలోపు విడిగా సివిల్ దావా వేయాలి. కోర్టు ఫీజు అడిగే మొత్తాన్ని బట్టి ఉంటుంది, గెలుపు అనుమానం. నేనైతే దాని వెంట పడమని చెప్పను. గుద్ది పారిపోయిన బండి అసలు దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద వచ్చేది 2 లక్షలు.

పిటిషన్‌లో డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ పెట్టండి, ప్రమాదం జరిగిన 6 నెలల్లోపే వేయండి. ప్రమాదం బెంగళూరులో జరిగినా మీరు ఉండే ఊళ్లోనే, అంటే అనంతపురంలోనో చిత్తూరులోనో వేసుకునే హక్కు మీకుంది. అలా వేస్తే కన్నడలో ఉండే ఎఫ్ఐఆర్, మహజరు (పంచనామా), ఛార్జిషీటుకు అనువాదాలు ముందే చేయించుకోండి. రక్తపరీక్ష రిపోర్టు ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి రావడం ఆలస్యమైతే దానికోసం ఆగకండి. పిటిషన్ వేసేసి, రిపోర్టును తర్వాత తెప్పించమని ట్రైబ్యునల్‌నే అడగవచ్చు.