విశాఖలో స్పీడ్ బ్రేకుల మరమ్మతు: ఒక సేవపై సమీక్ష

మా నాలుగు సీట్ల ఒంటి ఇంజిన్ విమానంలో స్పీడ్ బ్రేకుల స్విచ్ నొక్కితే ఎడమ రెక్క మీది పలక నిటారుగా లేచేది, కుడివైపుది సగంలోనే ఆగిపోయేది. ఇంజిన్ పవర్ బాగా తగ్గించకుండానే త్వరగా కిందికి దిగడానికి పనికొచ్చే ఈ పలకలు సమానంగా లేవకపోతే విమానం ఒక పక్కకు లాగుతుంది కాబట్టి, వాటి వాడకం ఆపేసి, విశాఖపట్నం విమానాశ్రయానికి వచ్చి పనిచేసే ఒక మరమ్మతు బృందాన్ని పిలిపించాను.

వచ్చిన ఇంజినీరు చూడగానే మోటారు మార్చాలని అనలేదు. అది నాకు ఎంతో నచ్చింది. ముందు సర్క్యూట్ బ్రేకర్ చూసి, రెండు రెక్కల దగ్గరా వోల్టేజీ కొలిచి, కరెంటు సరిగానే అందుతోందని తేల్చుకున్నాకే కుడి యూనిట్‌ను బయటికి తీశారు. పాత గ్రీజు ఉప్పుగాలికీ దుమ్ముకూ గట్టిపడి, నల్లటి జిగురులా పట్టుకుని ఉంది. సముద్రతీరంలో ఆరుబయట నిలిపే విమానాలకు ఈ బెడద ఎక్కువ. దాన్ని పూర్తిగా శుభ్రం చేసి, తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన కందెననే పూసి, బిగించాక పదిసార్లు తెరిచి మూసి చూపించారు. కరెంటు తీసేస్తే పలకలు వాటంతటవే లోపలికి పోతున్నాయో లేదో కూడా పరీక్షించి, చేసిన పనంతా లాగ్‌బుక్‌లో వివరంగా రాసి సంతకం చేశారు.

చెప్పిన రోజుకు కాక మర్నాడు వచ్చారు. ఆ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది.