పాలు ఒక్కటే మానాలా, ఆరూ మానాలా?

ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్‌లో అన్నవాహికలోకి ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు చేరి వాపు వస్తుంది, ముద్ద ఛాతీలో ఇరుక్కుంటుంది. డైట్‌తో కంట్రోల్ చేద్దామంటే ఒకటి పాలు మాత్రమే మానడం, రెండోది పాలు, గోధుమ, గుడ్డు, సోయా, చేపలు-రొయ్యలు, పల్లీలు-జీడిపప్పు లాంటివి, ఇలా ఆరు రకాలూ మానేయడం. 2023లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో పెద్దవాళ్ళని ఆరు వారాలు చూస్తే పాలు మానినోళ్ళలో 34%, ఆరూ మానినోళ్ళలో 40% మందికి వాపు తగ్గింది, అంటే పెద్ద తేడా ఏం లేదు. నా ఓటు ముందు పాలకే, ఎందుకంటే ఆరూ ఆపితే ఏది పడట్లేదో తేల్చడానికి తిరిగి ఒక్కోటి కలిపి చూసినప్పుడల్లా ఎండోస్కోపీ, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష), ఆ ఖర్చు మామూలుగా ఉండదు. కాకపోతే పాలంటే పెరుగు, మజ్జిగ, నెయ్యి, స్వీట్లు అన్నీ బంద్ (పెరుగన్నం లేకుండా మనోళ్ళకి భోజనం అయినట్టే ఉండదు కదా). దాంతో తగ్గకపోతే అప్పుడు ఆరు, అదీ డాక్టర్‌నీ డైటీషియన్‌నీ అడిగాకే.