టిరెట్టా బజార్, టాంగ్రా: కోల్‌కతా చైనీయుల వాడల్లో

ఒక్క పూటే ఉంటే టాంగ్రా వదిలేసి టిరెట్టా బజార్‌కి వెళ్ళండి. లాల్‌బజార్ పోలీసు కార్యాలయానికి దగ్గర్లో, పొద్దార్ కోర్టు పక్కన రోడ్డు మీదే చైనీయ టిఫిన్లు అమ్ముతారు. ఆదివారమైతేనే సందడి. పొద్దున ఆరింటికల్లా చేరాలి, ఎనిమిది దాటితే గిన్నెలు సర్దేస్తుంటారు. ఆ వేళకి ఆదివారం మెట్రో ఉండదు. అందుకే బస చాందినీ చౌక్ వైపు చూసుకుంటే మేలు, నడిచే వెళ్ళొచ్చు. సదర్ స్ట్రీట్‌లో చవక గదులు దొరుకుతాయి గానీ తెల్లారగట్ల ట్యాక్సీ వెతుక్కోవాలి. హౌరా స్టేషన్ దగ్గరి లాడ్జీల నుంచి పొద్దున్నే రావడం తేలికే, సాయంత్రం వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

ఆవిరి మీద ఉడికిన బావ్ (లోపల కూర పెట్టిన మెత్తటి బన్ను), షుమై (పల్చటి పిండిలో మాంసం కూరిన చిన్న ముద్దలు), చేప ఉండల సూప్ ముందు తీసుకోండి. మూత తీయగానే పొగలు కక్కే బావ్‌ని వెంటనే తినాలి, చల్లారితే పైపిండి సాగిపోతుంది. చాలావాటిలో పంది మాంసమే కూరుతారు, తినని వాళ్ళు ఒక్కో గిన్నె చూపించి అడగాలి. శాకాహారులకు దొరికేది బహు తక్కువ. కూర్చునే చోటు ఉండదు, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఇప్పుడు అమ్మేవాళ్ళలో చైనీయులు కానివాళ్ళూ ఎక్కువే. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఎన్నో చైనీయ కుటుంబాలను పట్టుకెళ్ళి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. విడుదలయ్యాక చాలామంది కెనడాకి, ఇతర దేశాలకి తరలిపోయారు. ఏ నేరం చెయ్యకుండా అన్నీ పోగొట్టుకున్న మనుషులు వాళ్ళు. ఈ వీధి పలచబడటానికి అదొక పెద్ద కారణం.

తిన్నాక ఛాతావాలా గల్లీలోని సీ ఇప్ గుడి తప్పక చూడండి. 1905 నాటిది, కరుణామూర్తి గ్వాన్‌యిన్‌ది. ఇలాంటి గుళ్ళను ఊరివాళ్ళు చర్చి అంటారు, దారి అడిగేటప్పుడు అలాగే అడగండి. పౌ చాంగ్ దుకాణంలో పచ్చిమిర్చి సాస్ కొంటే మూత చుట్టూ టేపు వేసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. లేదంటే రైలు కుదుపులకి కారుతుంది.

టాంగ్రా ఒకప్పుడు హక్కా అనే చైనీయ వర్గం వాళ్ళ తోళ్ళ కార్ఖానాల వాడ. తోళ్ళ శుద్ధిని ఊరి బయట బంతలాకి తరలించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించాక, కొన్ని షెడ్లు హోటళ్ళయ్యాయి. అక్కడ చిల్లీ చికెన్ ఘాటుగా, నిండుగా వడ్డిస్తారు. ఇద్దరే వెళ్తే ఒక కూర, ఒక నూడుల్స్ చాలు. రాత్రి పది దాటాక బయటికి బండి దొరకడం కష్టం, బిల్లు రాకముందే బుక్ చేసుకోండి. చైనీస్ కాళీ గుడి మాత్రం పగలే చూడాలి. అమ్మవారికి నూడుల్స్ నైవేద్యం పెట్టే చోటు అది.

మరో పూట మిగిలితే కోల్‌కతా బయట ఉన్న అచీపూర్ అనే ఊరికి వెళ్ళండి. బ్రిటిష్ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ కాలంలో ఇక్కడ చక్కెర మిల్లు పెట్టిన, బెంగాల్‌లో స్థిరపడ్డ తొలి చైనీయుడిగా చెప్పే టోంగ్ అచ్యూ సమాధి హుగ్లీ ఒడ్డున ఉంది, గుర్రపునాడా ఆకారంలో, ఎర్రగా. సియాల్దా నుంచి బజ్‌బజ్ లోకల్, అక్కణ్ణుంచి ఆటో. చైనీయుల కొత్త సంవత్సరం రోజుల్లో కోల్‌కతా కుటుంబాలు మొక్కడానికి వస్తాయి, వెళ్తే అప్పుడే వెళ్ళాలి.