కేపీహెచ్‌బీలో పిల్లలతో, పెద్దవాళ్ళతో ఎక్కడ తినొచ్చు

ఇంటిల్లిపాదీ కలిసి హోటల్‌కి వెళ్ళేటప్పుడు నేను ముందు చూసేది మెట్లు. తర్వాత చెయ్యి కడుక్కునే చోటు, ఆ తర్వాత కుర్చీ. కూర ఎలా ఉంటుందన్నది నాలుగో సంగతి. మా నాన్నగారికి డెబ్భై దాటాయి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పెద్దాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఈ నలుగురూ ఒకే బల్ల దగ్గర స్థిమితంగా కూర్చుని, కడుపునిండా తిని, ఎవరూ విసుక్కోకుండా లేచారంటే నా దృష్టిలో అది మంచి హోటల్. వేసవి సెలవులకి హైదరాబాద్ కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీలో అక్కావాళ్ళింటికి వెళ్ళాం. సరిగ్గా అప్పుడే వాళ్ళ వంటింట్లో చెక్కపని మొదలైంది, పొయ్యి కూడా తీసి హాల్లో ఒక మూల పెట్టేశారు. అందుకని పొద్దున టిఫిన్ మొదలు రాత్రి భోజనం దాకా అన్నీ బయటివే అయ్యాయి.

మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ కాలనీ కొత్త కాదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకల్లా లింగంపల్లిలో దింపుతుంది, అక్కడినుంచి ఆటోలోనో క్యాబ్‌లోనో వచ్చేయడమే. హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ కాబట్టి ఇప్పటికీ అడ్రసు ఫేజుల లెక్కన, ఎల్ఐజీ, ఎంఐజీ అంటూ ఇళ్ళ లెక్కన చెబుతారు. ఆ చిన్న ఇళ్ళ కింది వాటాలు చాలావరకు టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, మెస్సులు అయిపోయాయి. చుట్టూ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, హైటెక్ సిటీకి వెళ్ళివచ్చే ఉద్యోగులు. ఇక్కడి తిండి ముఖ్యంగా ఒంటరిగా ఉండే కుర్రాళ్ళని దృష్టిలో పెట్టుకుని తయారైంది. నిలబడి ఐదు నిమిషాల్లో తినేసి వెళ్ళిపోయేవాళ్ళకి అన్నీ అమరి ఉంటాయి. ముసలివాళ్ళనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకే కాస్త వెతుకులాట.

పొద్దున టిఫిన్‌తోనే ఆ సంగతి తెలిసిపోతుంది. రుచిలో రోడ్డు పక్క బండి ఇడ్లీకి తిరుగులేదు. ఆవిరి పోకుండా గుడ్డ మీదనుంచి తీసి, పల్లీ చట్నీ, అల్లం చట్నీ వేసి ఇస్తారు. కానీ అక్కడ ఉండేది నడుము ఎత్తున గుండ్రటి స్టీలు బల్ల. పిల్లలకి అందదు, పెద్దవాళ్ళు అంతసేపు నిలబడలేరు. కాబట్టి బండి దగ్గరికి ఇంట్లోంచి ఒక్కరే గిన్నెలు పట్టుకెళ్ళి తెచ్చుకోవడం మేలు. అందరూ కలిసి వెళ్ళాలనుకుంటే ఫ్యాన్ కింద నాలుగు బల్లలు, వీపు ఆనించుకునే కుర్చీలు ఉన్న చిన్న టిఫిన్ హోటల్ వెతుక్కోండి. కాలనీ లోపలి రోడ్లలో అలాంటివి ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీదవాటికన్నా శుభ్రంగానూ ఉన్నాయి, అరుపులూ తక్కువ.

మేం రోజూ వెళ్ళిన చోట వడ్డించే కుర్రాడు నాన్నగారిని చూడగానే "తాతగారూ, ఇటు గోడ వైపు కూర్చోండి, గాలి తగులుద్ది" అనేవాడు. చిన్నదానికి ఇడ్లీ తెచ్చేటప్పుడు అడగకుండానే నెయ్యి వేసి, కారప్పొడి విడిగా పెట్టేవాడు. పెసరట్టు ఉప్మా అడిగితే ఉప్మా పక్కన పెట్టమంటారా, లోపల పెట్టమంటారా అని కనుక్కునేవాడు. హోటల్ పెద్దదేం కాదు, పేరున్నదీ కాదు. ఆ పిల్లాడి వల్లే రేపు మళ్ళీ అక్కడికే వెళ్దామని అమ్మ అనేది. ఒక్క జాగ్రత్త చెప్పాలి: హైదరాబాద్ టిఫిన్ సెంటర్లలో దోశ మీద ఎర్రకారం రాసేస్తుంటారు. పిల్లలకైతే పెనం మీద పిండి పడకముందే "కారం వద్దు" అని చెప్పాలి. వేశాక గీకి ఇచ్చినా ఆ ఘాటు పోదు.

మధ్యాహ్నం భోజనానికి నా ఓటు వడ్డన ఉన్న చోటికే. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ పేరు తెలియని గోదావరి మనిషి ఉండడు, వాళ్ళ బుట్ట భోజనం పేరు విననివాళ్ళూ అరుదు. ఆ హోటల్ ఇక్కడ కేపీహెచ్‌బీలోనూ ఉంది. పూర్తి శాకాహారం. ఇలాంటి భోజనం కుటుంబాలకి ఎందుకు సరిపోతుందంటే, ఏం చెప్పాలో తేల్చుకునే పని ఉండదు. ముద్దపప్పు, నెయ్యి, పులిహోర, పొడులు, వేపుడు, పులుసు, పెరుగు అన్నీ వరసగా వస్తాయి, ఎవరికి కావలసింది వాళ్ళు కలుపుకుంటారు. చిన్నది పప్పూ నెయ్యీ అన్నంతో మొదలుపెట్టి పెరుగుతో ముగించింది, మధ్యలో ఒక్కసారి కూడా కారం అనలేదు. నాన్నగారు గుండె జబ్బు మందులు వాడతారు కాబట్టి వేపుళ్ళు వదిలేసి పప్పు, చారు, మజ్జిగతో తిన్నారు. మారు వడ్డించేటప్పుడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ కొసరి వడ్డిస్తుంటే ఊళ్ళో పెళ్ళి బంతిలో కూర్చున్నట్టే ఉంటుంది.

అయితే వడ్డన భోజనానికి వేళ ముఖ్యం. ఆదివారం ఒంటిగంట దాటాక ఏ భోజన హోటల్‌కి వెళ్ళినా తినేవాళ్ళ కుర్చీ వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. అలా వెనక నిలబడితే పెద్దవాళ్ళకి ముద్ద దిగదు. పన్నెండు కొట్టకముందే వెళ్ళండి. కూరలు వేడిగా ఉంటాయి, వడ్డించేవాళ్ళకి ఓపిక ఉంటుంది, పిల్ల నీళ్ళు ఒలకబోసినా ఎవరూ మొహం ముడుచుకోరు. చిన్నపిల్లలకి విడిగా భోజనం టికెట్ తీసుకోవాలా, మన ఆకులోనే పెట్టుకోనిస్తారా అన్నది కౌంటర్ దగ్గరే అడిగేయాలి, ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

బావగారి కోరిక మీద ఒక రాత్రి ఏసీ మల్టీ క్యుజిన్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. పేరు చెప్పను. మొదటి అంతస్తు, లిఫ్టు ఆగిపోయి ఉంది. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. లోపల వెలుగు ఎంత తక్కువంటే నాన్నగారు మెనూ చదవలేక ఫోన్ టార్చి వేసుకున్నారు. పాటల మోతలో పక్కవాళ్ళ మాట వినపడదు. ఆర్డర్ వచ్చేసరికి చిన్నది నా ఒళ్ళో నిద్రపోయింది. అక్కడ బాగున్నవీ చెప్పాలి. పిల్లలకి ఎత్తు కుర్చీ అడగ్గానే తెచ్చారు. టాయిలెట్ శుభ్రంగా ఉంది, కమోడ్ ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషితో వెళ్ళేవాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. చిన్న టిఫిన్ హోటళ్ళు, మెస్సులు దాదాపు అన్నీ ఓడిపోయేది ఇక్కడే. రుచిగా వండి, ప్రేమగా పెట్టే చోట కూడా చాలాసార్లు టాయిలెట్ ఉండదు, ఉన్నా పెద్దవాళ్ళు వాడేలా ఉండదు. వాళ్ళు ఈ ఒక్కటి బాగుచేసుకుంటే ఎన్ని కుటుంబాలు వస్తాయో.

ఆ రెస్టారెంట్ బిల్లులో జీఎస్టీ కాక సర్వీస్ చార్జీ అని ఇంకో వరస ఉంది. దానంతట అది బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. మర్యాదగా అడిగితే మేనేజర్ తీసేసి కొత్త బిల్లు ఇచ్చాడు. వడ్డించినవాళ్ళకి మనం ఇవ్వాలనుకున్నది చేతికే ఇవ్వచ్చు, అది వాళ్ళకే చేరుతుంది. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతమే. ఏసీ ఉందని ఎక్కువ వేయడానికి లేదు.

బిర్యానీ లేకుండా హైదరాబాద్ ప్రయాణం పూర్తికాదని పెద్దాడి పట్టుదల. పిల్లలకి బిర్యానీ పెట్టడంలో ఒక కిటుకు ఉంది. కచ్చి బిర్యానీలో మసాలా, ముక్క అడుగున ఉంటాయి, పైన తెల్లన్నం ఉంటుంది. వడ్డించేవాళ్ళకి చెబితే పిల్లల ప్లేట్లో పైభాగం అన్నం, ఒక ముక్క పెట్టి ఇస్తారు. పెరుగు చట్నీతో కలిపితే తొమ్మిదేళ్ళవాడు హాయిగా తింటాడు. నాలుగేళ్ళదానికి అదీ కారమే. దానికి మందీ అనే అరబ్బుల అన్నం, మాంసం వంటకం నచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి వాళ్ళు పాతబస్తీ వైపు బార్కస్‌లో ఉంటారు. ఆ వైపు నుంచి మొదలైన మందీ ఇప్పుడు కూకట్‌పల్లి దాకా వచ్చేసింది. మిరపకారం తక్కువ, అన్నం పొడిపొడిగా, మాంసం వేలితో విడిపోయేంత మెత్తగా ఉంటుంది. పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కూర్చుని తినడం పిల్లలకి పండగ. కానీ చాలాచోట్ల పరుపుల మీద కింద కూర్చోవాలి. అమ్మతో వెళ్ళేముందు ఫోన్ చేసి "బల్లలు కూడా ఉన్నాయా" అని కనుక్కున్నాం, ఉన్న చోటికే వెళ్ళాం.

ఇక కర్రీ పాయింట్. మా అందరికీ అన్నిటికన్నా సుఖంగా అనిపించిన భోజనం ఇదే, ఏ రెస్టారెంటూ దీనికి దగ్గరగా రాలేదు. సాయంత్రం ఏడు గంటలకల్లా కాలనీ రోడ్ల మీద వరసగా తెరుచుకుంటాయి. పెద్ద పెద్ద స్టీలు గిన్నెల్లో పప్పు, సాంబారు, చారు, దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ, బెండకాయ, కోడికూర, రోటి పచ్చళ్ళు. ఒక్కో కూర ఒక్కో ప్యాకెట్. అక్క హాల్లోనే కుక్కర్‌లో అన్నం పెట్టేది, మేం వెళ్ళి నాలుగైదు రకాలు తెచ్చుకునేవాళ్ళం. ఎవరి పళ్ళెం వాళ్ళకి, ఎవరి చోటు వాళ్ళకి. పిల్లలు చాప మీద, నాన్నగారు తన కుర్చీలో, అమ్మ మంచం అంచున. మధ్యలో చిన్నది లేచి పరిగెత్తినా ఎవరికీ ఇబ్బంది లేదు.

దీనిలో నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. మొదటిది, వేడి కూర ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకూడదు. మేం స్టీలు క్యారియర్ తీసుకెళ్ళేవాళ్ళం. చాలామంది అభ్యంతరం చెప్పరు, పైగా ఒక గరిటె ఎక్కువే వేస్తారు. రెండు, ఏడున్నరలోపే వెళ్ళాలి. తొమ్మిది దాటాక గిన్నె అడుగున మిగిలింది చల్లారి ఉంటుంది, అడిగితే మళ్ళీ వేడిచేసి ఇస్తారు గానీ నాకు నచ్చదు. మూడు, గిన్నెల మీద మూత ఉందో లేదో, గరిటెలు వేరువేరుగా ఉన్నాయో లేదో చూడండి. శాకాహారం తినే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే గరిటె సంగతి తప్పకుండా చూడాలి. గోడ మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉన్న కాగితం కనపడితే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది, అది పెట్టుకోవడం వాళ్ళ బాధ్యత కూడా. ఖర్చు చూస్తే ఆ ఏసీ రెస్టారెంట్ బిల్లులో చిన్న భాగం. అన్నిటికీ మించి ఇక్కడ వంకాయ వంకాయలాగే, పప్పు పప్పులాగే ఉంటాయి, రాత్రి ఎవరికీ కడుపులో మంట లేదు.

సాయంత్రాలు రోడ్డు పక్క మోమోలు, షవర్మా చూసి పిల్లలు లాగుతారు. నేను ఒప్పుకోలేదు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది, కలుషిత ఆహారం తిని జనం జబ్బుపడ్డాకే ఆ నిర్ణయం వచ్చింది. ఎండాకాలంలో బయట డబ్బాలో పెట్టిన ఏ మయొనైజ్‌నీ నేను నాలుగేళ్ళ పిల్లకి పెట్టను. దాని బదులు మిరపకాయ లేని మైసూర్ బజ్జీ, ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు కొనిచ్చాం. కూకట్‌పల్లి రైతుబజార్‌లో ముంజలు కనిపిస్తే పిల్లలకన్నా ముందు నాన్నగారే ఆగారు.

నెక్సస్ మాల్ ఫుడ్‌కోర్టు గురించి రెండు మాటలు చాలు. లిఫ్టు, ఎస్కలేటర్, శుభ్రమైన టాయిలెట్, చల్లదనం అన్నీ ఉన్నాయి, పెద్దాడికి నూడుల్స్, నాన్నగారికి పెరుగన్నం ఒకే బల్ల మీదికి వస్తాయి. మండుటెండలో కాసేపు కూర్చోవడానికి మంచిదే. తిండి మాత్రం గుర్తుపెట్టుకునేలా లేదు, చప్పుడు ఎక్కువ. వాహనం లేనివాళ్ళు మెట్రోలో రావచ్చు, కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్లో లిఫ్టు ఉంది.

తిరుగు రైలుకి భోజనం కట్టించుకోవాలంటే హోటల్ పార్సిల్ కన్నా ఉదయం వెళ్ళే టిఫిన్ హోటల్లోనే ముందురోజు చెప్పిపెట్టుకోండి. పులిహోర, ఇడ్లీలకి పొడీ నెయ్యీ రాసి అడుగున విస్తరాకు వేసి కట్టిస్తారు. చట్నీ వద్దని చెప్పండి, ఈ ఎండలకి రెండు గంటల్లో పులుస్తుంది. పెరుగన్నం మాత్రం అక్కే కలిపింది, పాలు ఎక్కువ పోసి, తోడుకి ఒక చెంచా పెరుగు వేసి. రాత్రి కాజీపేట దాటాక తీస్తే సరిగ్గా కమ్మగా ఉంది.