డీవీడీ ఆగిపోతుంటే ఏది మేలు: లెన్స్ తుడవడమా, మార్చడమా, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడమా?

పెళ్లి డీవీడీలో సరిగ్గా తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయినా, డిస్క్ పెట్టగానే తెరపై ‘నో డిస్క్’ అని వచ్చినా, చాలామంది ముందు ప్లేయర్‌నే అనుమానిస్తారు. ఖర్చు పెట్టే ముందు షాపులో కొన్న సినిమా డీవీడీ ఒకటి, ఆడియో సీడీ ఒకటి వేసి చూడడం మంచిది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన డిస్క్ ఒక్కటే ఆడకపోతే, అది 1వ రీజియన్‌ది (డీవీడీల కోసం ప్రపంచాన్ని విభజించిన ప్రాంతాల్లో ఒకటి), మన ప్లేయర్ 5వ రీజియన్‌ది కావచ్చు; దానికి ఎంత తుడిచినా ప్రయోజనం ఉండదు.

డిస్కులన్నీ తడబడుతుంటే తుడవడంతోనే మొదలుపెట్టాలి. డిస్క్‌ను మెత్తని పొడిబట్టతో గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. బ్రష్ అమర్చిన క్లీనింగ్ డిస్కులను నేను సిఫారసు చేయను. సన్నని తీగలపై వేలాడే లెన్స్‌ను ఆ బ్రష్ కుదిపే ప్రమాదం ఉంది. ప్లగ్ తీసి, మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన దూదిపుల్లను నొక్కకుండా ఆనించి తుడవడమే నయం.

సీడీలు ఆడుతూ డీవీడీలు మాత్రం ఆడకపోతే తుడవడంతో పని జరగకపోవచ్చు. సీడీని 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీని 650 నానోమీటర్ల ఎర్రకాంతి చదువుతాయి కనుక, ఒక లేజర్ నీరసించినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. ఇలాంటప్పుడు కొందరు మెకానిక్‌లు పికప్‌పై (లేజర్, లెన్స్ కలిసి ఉండే భాగం) ఉండే ప్రీసెట్ అనే చిన్న సర్దుబాటు మరను తిప్పి లేజర్‌కు కరెంటు పెంచి ఇస్తారు. ప్లేయర్ ఆ పూటకు ఆడుతుంది గాని, అసలే నీరసించిన లేజర్ మరింత త్వరగా పోతుంది. మార్పించదలిస్తే పికప్ మొత్తం మార్పించాలి; స్టాటిక్ కరెంటు తగలకుండా కొత్తదానిపై సోల్డర్ బొట్టు వేసి ఉంటే, కేబుల్ తగిలించాక దాన్ని తీయడం మరిచిపోకూడదు, లేకుంటే కొత్త లేజర్ కూడా వెలగదు. పికప్, మజూరీ కలిపి కొత్త ప్లేయర్ ధరకు దగ్గరపడితే ఈ దారి దండగ.

సినిమా డిస్క్ బాగానే ఆడి పెళ్లి డిస్క్ ఒక్కటే మొరాయిస్తే, ప్లేయర్ జోలికి వెళ్లకముందే డిస్క్‌ను కాపాడుకోవాలి. స్టూడియోవారు రాసి ఇచ్చే డిస్కుల్లో సమాచారం రంగుపొరపై నిలుస్తుంది, ఆ పొర ఎండకు, వేడికి పాడవుతుంది. పైగా అవి షాపులో దొరికే అచ్చు డిస్కులకన్నా తక్కువ కాంతిని వెనక్కి పంపుతాయి కాబట్టి, లేజర్ నీరసించినప్పుడు ముందుగా ఆగిపోయేవీ అవే. అందుకే టీవీ దగ్గర ఆడని డిస్క్‌ను కంప్యూటర్ డ్రైవ్ చదివేయడం అరుదేమీ కాదు, ఒక డ్రైవ్ చదవనిది మరొకటి చదవవచ్చు. లెన్స్ పోతే కొత్తది దొరుకుతుంది, ఆ పెళ్లి మళ్లీ జరగదు కనుక నా ఓటు ముందు కాపీకే.

కాపీ చేసేటప్పుడు డిస్క్‌లో వీడియో అంతా ఉండే ‘వీడియో_టీఎస్’ (VIDEO_TS) ఫోల్డర్‌ను ముక్కలు చేయకుండా మొత్తంగా రెండు చోట్ల దాచుకోవాలి. టీవీలో పెన్‌డ్రైవ్‌తో చూడడానికి విడిగా ఎంపీ4 ఫైలు చేయించుకుంటే సరిపోతుంది.