తాజ్ మీద తొలి ఎండ: ఢిల్లీ నుంచి అర్ధరాత్రి బయల్దేరడమా, ఆగ్రాలో పడుకోవడమా?

తాజ్‌మహల్ గేట్లు సూర్యోదయానికి అరగంట ముందు తెరుస్తారు. తెరిచాక మొదటి ముప్పావు గంటలో లోపల ఉన్నవాళ్లు చూసే తాజ్ వేరు, పదింటికి వచ్చినవాళ్లు చూసేది వేరు. పాలరాయి రంగు సంగతి అటుంచండి, నీటి కాలువ ముందు నిలబడితే నాలుగు తలకాయలు అడ్డం రాకపోవడమే పెద్ద తేడా. ఆ ముప్పావు గంట కోసం రెండు దారులున్నాయి. ఢిల్లీలో అర్ధరాత్రి దాటాక కారెక్కి, గైడ్‌తో చూసేసి సాయంత్రానికి తిరిగొచ్చే ‘సన్‌రైజ్ టూర్’ ఒకటి. ముందురోజే ఆగ్రా చేరి, అక్కడ పడుకుని, పొద్దున్నే స్థానిక గైడ్‌ని పెట్టుకోవడం రెండోది. పొద్దుటి రైలు సంగతి కూడా చాలామంది అడుగుతారు కాబట్టి ముందు అది తేల్చేద్దాం.

భోపాల్ వైపు వెళ్లే శతాబ్ది న్యూఢిల్లీలో ఉదయం 6 గంటలకి కదిలి ఎనిమిది కావస్తుండగా ఆగ్రా కంటోన్మెంట్ చేరుతుంది. గతిమాన్ ఎక్స్‌ప్రెస్ నిజాముద్దీన్‌లో 8.10కి బయల్దేరి 9.50కి దింపుతుంది. రెండూ మంచి బళ్లే, కానీ ఏదీ సూర్యోదయం చూపించదు. నిద్ర చెడకుండా ఒక్కరోజులో తాజ్, ఆగ్రా కోట చూసి రావాలంటే గతిమాన్‌ని మించింది లేదు. తెల్లవారుజాము చూడాలనుకుంటే మాత్రం దాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఢిల్లీ నుంచి కారు టూర్

దూరం సుమారు 230 కిలోమీటర్లు. అందులో 165 కిలోమీటర్లు గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా ఉన్న యమునా ఎక్స్‌ప్రెస్‌వే. కార్లకి వేగ పరిమితి గంటకి 100 కిలోమీటర్లు. హోటల్ గుమ్మం నుంచి తాజ్ తూర్పు గేటు పార్కింగ్ దాకా, దారిలో ఒక టీ కలుపుకుని, మూడున్నర గంటలు వేసుకోవాలి. గుర్గావ్ నుంచో, విమానాశ్రయం వైపు నుంచో ఎక్కితే ఇంకో అరగంట.

ఇప్పుడు వెనక్కి లెక్క కట్టండి. ఫిబ్రవరి మధ్యలో ఆగ్రాలో సూర్యోదయం దాదాపు 6.50కి. గేటు 6.20కి తెరుస్తారు. పార్కింగ్ దగ్గరికి 5.45కల్లా చేరాలి, కాబట్టి ఢిల్లీలో 2.15కి బయల్దేరాలి. జూన్‌లో సూర్యోదయం 5.25 ప్రాంతంలో, గేటు 4.55కి. అంటే ఢిల్లీలో ఒంటిగంట కూడా కాకముందే బండెక్కాలి, దాన్ని నిద్ర లేవడం అనరు, పడుకోకపోవడం అంటారు. ఏడాది పొడుగునా ‘పికప్ 3 గంటలకి’ అని పెట్టేవాళ్ల టూర్ ఎక్కితే మే, జూన్ నెలల్లో మధుర దగ్గరే తెల్లారిపోతుంది. బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ‘మేం వచ్చే రోజు గేటు ఎన్నింటికి తెరుస్తారు?’ టక్కున చెప్పగలిగినవాడికి పని తెలుసు. ‘అదంతా మేం చూసుకుంటాం’ అన్నవాడికి తెలియదు.

రెండో ప్రశ్న దీనికంటే ముఖ్యం. డ్రైవర్ ముందురోజు పగలంతా బండి నడిపాడా? ఎక్స్‌ప్రెస్‌వే మలుపుల్లేని సిమెంటు రోడ్డు. తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య అలాంటి రోడ్డు మీద కళ్లు మూతలు పడటం తేలిక. వెనక సీట్లో అందరూ దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు, ఆయనకి పలకరించే దిక్కు ఉండదు. ముందు సీట్లో ఒకరు మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉండాలి, దారిలో ఒకచోట పావుగంట ఆపించాలి. మీరు తాజ్ లోపల ఉన్న మూడు గంటలూ ఆయన్ని పడుకోనివ్వండి. ఆ టైములో పెట్రోలు కొట్టించు, నీళ్లు తెచ్చిపెట్టు అని పురమాయించకండి, మధ్యాహ్నం మళ్లీ ఆయనే నడపాలి. వేసవిలో తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం కాలుతున్న సిమెంటు మీద కాబట్టి, అరిగిన టైర్లు పేలే ప్రమాదం కూడా ఉంది. ఎక్కేముందు టైరు గాట్లు చూడటం నామోషీ ఏమీ కాదు.

డిసెంబరు రెండో సగం నుంచి జనవరి చివరిదాకా ఈ టూర్ వద్దు, బేరమాడి సగానికి ఇస్తామన్నా వద్దు. పొగమంచులో ముందున్న లారీ దీపాలు కూడా కనబడవు. అందుకే చలికాలంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్ల వేగ పరిమితిని 75కి తగ్గిస్తుంటారు. అంత ప్రమాదం మీద వేసుకుని వెళ్లినా ఆ నెలల్లో చాలా రోజులు సూర్యుడు కనబడడు సరికదా, కాలువ ఈ చివర నుంచి గుమ్మటమూ కనబడదు.

డబ్బు దగ్గర ‘అన్నీ కలిపి’ అన్న మాటని విడగొట్టి అడగాలి. టోల్, ఉత్తరప్రదేశ్‌లోకి వెళ్లినందుకు టాక్సీ కట్టే పన్ను, పార్కింగ్, డ్రైవర్ బత్తా, గైడ్ ఫీజు, టికెట్లు, టిఫిన్: వీటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో వాట్సాప్‌లో రాయించుకోండి. సాధారణంగా తప్పించేది ప్రధాన సమాధి లోపలికి వెళ్లే 200 రూపాయల టికెట్.

ముందురోజే ఆగ్రా చేరడం

ఇక్కడ లెక్క తేలిక. గేటు 6.20కి అయితే 5.15కి లేస్తే చాలు. తాజ్‌గంజ్‌లో తూర్పు గేటుకి నడక దూరంలో ఉండే గదుల్లో దిగితే బండితో పనే లేదు. స్మారకం చుట్టూ 500 మీటర్ల లోపలికి పెట్రోలు, డీజిలు బళ్లు రానివ్వరు కాబట్టి సామానుని మాత్రం బ్యాటరీ రిక్షాలో వేసుకోవాలి. పెద్ద సూట్‌కేసులు ఉన్నవాళ్లకి, సన్నటి సందులు పడనివాళ్లకి ఫతేహాబాద్ రోడ్డు హోటళ్లు నయం, పొద్దున్నే ఆటోలో పార్కింగ్ దాకా వెళ్లొచ్చు. మేడ మీంచి తాజ్ కనబడుతుందని గదికి ఎక్కువ డబ్బు పెట్టేముందు అక్కడి కోతుల సంగతి తెలుసుకోండి, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే మీ టీ ప్రశాంతంగా సాగదు.

ఈ దారిలో ఇంకో లాభం ఉంది. ముందురోజు సాయంత్రం యమునకి అవతలి ఒడ్డున ఉన్న మెహతాబ్ బాగ్ నుంచి తాజ్ వెనక వైపు చూడొచ్చు. శుక్రవారం తాజ్‌కి సెలవు, మెహతాబ్ బాగ్‌కి కాదు. ప్రయాణం ఎలా తిప్పినా శుక్రవారమే ఆగ్రాలో పడిందనుకునేవాళ్లకి మిగిలేది ఆ తోటే.

నష్టం ఒక్కటే, ఢిల్లీలో ఒక సాయంత్రం పోతుంది. గది అద్దె సంగతి అంటారా, రాత్రంతా నడిపే కారుకి ఇచ్చే తేడా డబ్బుతో నలుగురున్న కుటుంబానికి ఓ మోస్తరు గది వస్తుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లకి ఇది ఇంకా కలిసొస్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్ మీదుగానే వెళ్తుంది, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ కూడా. తాజ్ కోసం ఢిల్లీ దాకా వెళ్లి వెనక్కి రావడమెందుకు? తిరుగు ప్రయాణంలో అయినా సరే, ఆగ్రాలోనే రైలెక్కేలా టికెట్ తీసుకుంటే ఢిల్లీకి వెనక్కి వచ్చే 230 కిలోమీటర్ల కారు ప్రయాణం తప్పుతుంది. కానీ తెల్లవారుజామున ఆగ్రాలో దింపే బండిని నమ్ముకుని అదే రోజు సూర్యోదయం చూడాలనుకోకండి, బండి గంట ఆలస్యమైతే అంతా చెడుతుంది.

ఎండ ఎటు పడుతుందో చూసుకోండి

ఫొటోల కోసమే లేచేవాళ్లు దారి ఎంచుకునేముందు ఈ సంగతి చూడాలి. తోటలోకి అడుగుపెట్టగానే మనకి కనబడేది తాజ్ దక్షిణ ముఖం, అంటే మనం ఉత్తరం వైపు చూస్తూ ఉంటాం. తూర్పు కుడిచేతి వైపు. అక్టోబరు నుంచి మార్చి దాకా సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి పొడుస్తాడు కాబట్టి తొలి ఎండ ఏటవాలుగా మన ముందున్న గోడ మీదే పడుతుంది. మే, జూన్, జూలైలలో పొడుపు ఈశాన్యంలో. అప్పుడు ముందు ముఖం నీడలోనే ఉంటుంది, జూన్‌లో అయితే దాదాపు పదింటి దాకా. పోస్టుకార్డు మీది బంగారు రంగు జూన్‌లో ముందు వైపు రాదు. ఆ నెలల్లో పొద్దుటి ఎండ పడేది నది వైపున్న ఉత్తర ముఖం మీద, దాన్ని చూడాలంటే మెహతాబ్ బాగ్‌కి వెళ్లాలి. సూర్యోదయం అంటే తాజ్ గేటే అనుకునేవాళ్లు వేసవిలో ఒంటిగంటకి లేచి తప్పు వైపు నిలబడతారు.

తూర్పు ముఖం మాత్రం ఏ కాలంలోనైనా వెలుగుతుంది. కుడివైపున్న ఎర్రరాతి కట్టడం, అంటే మసీదుకి జోడుగా కట్టిన ‘జవాబ్’, దాని ముందు నిలబడి చూడండి. వెలుగుకి ఎదురుగా తాజ్ నల్లటి ఆకారంగా కనబడే సిల్హౌట్ కావాలంటే పడమటి వైపున్న మసీదు ముందుకి వెళ్లండి, పొద్దు తాజ్ వెనక నుంచి వస్తుంది.

గేటు దగ్గర, ఏ దారిన వచ్చినా

కౌంటర్లు సూర్యోదయానికి గంట ముందు తెరుస్తారు. తూర్పు గేటు టికెట్ కౌంటర్ గేటు దగ్గర ఉండదు, దాదాపు కిలోమీటరు ఇవతల శిల్పగ్రామ్ పార్కింగ్‌లో ఉంటుంది. ఆన్‌లైన్లో తీసుకోకుండా నేరుగా గేటు దాకా నడిచి, మళ్లీ వెనక్కి పరిగెత్తేవాళ్లు రోజూ ఉంటారు. భారతీయులకి 50 రూపాయలు, విదేశీయులకి 1,100, సమాధి లోపలికి ఎవరికైనా అదనంగా 200. పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. అమెరికా నుంచి వచ్చిన మన పిల్లలకి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓ.సి.ఐ. కార్డు ఉంటే 2021 నుంచి భారతీయుల ధరే వర్తిస్తుంది, కానీ కార్డు చేతిలో ఉండాలి. టికెట్ మూడు గంటలకే చెల్లుతుంది.

తనిఖీలో మగవాళ్ల వరుస వేరు, ఆడవాళ్ల వరుస వేరు. ఆగిపోయేది ఎప్పుడూ సంచి దగ్గరే. తినే వస్తువులేవీ పనికిరావు, చాక్లెట్ కూడా. ఇయర్‌ఫోన్లు, చార్జరు, వైర్లు, అగ్గిపెట్టె, ట్రైపాడ్ కూడా నిషిద్ధాలే. ఒక్కరి సంచిలో చార్జరు దొరికితే లాకరు దాకా వెళ్లి రావడానికి ఇరవై నిమిషాలు, లేచిన కష్టమంతా అక్కడే పోతుంది. కారులో వచ్చినవాళ్లు అన్నీ బండిలో వదిలేయొచ్చు, ఈ ఒక్క విషయంలో టూర్‌దే పైచేయి.

గైడ్ కావాలా?

కావాలి, కానీ మొదటి అరగంట కాదు. పెద్ద దర్వాజా నీడలో నిలబెట్టి షాజహాన్ కథ నలభై నిమిషాలు చెప్పడం చాలామందికి అలవాటు. లోపల తోట ఖాళీగా ఉన్నది ఆ నలభై నిమిషాలే. ‘ముందు నడక, తర్వాత కథ’ అని మొదటే చెప్పేయండి. దర్వాజా మెట్ల మీద ఒక ఫొటో, మధ్యలో పాలరాతి తొట్టి దగ్గర ఇంకొకటి, తర్వాత నేరుగా సమాధి లోపలికి. కథంతా తిరిగొచ్చేటప్పుడు వినొచ్చు.

గైడ్ మెడలో పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందో లేదో చూడండి. పనివాళ్ల చేతులు నరికించారనీ, నదికి అవతల నల్ల తాజ్ కట్టబోయారనీ నొక్కి చెప్తే అది ఆధారాల్లేని కథ. ద్వారం చుట్టూ ఉన్న అక్షరాల పనితనం అమానత్ ఖాన్‌దనీ, కింద నుంచి చూసేవాళ్లకి సమానంగా కనబడేలా పైకి పోయేకొద్దీ వాటిని పెద్దవి చేశారనీ చూపించేవాడికి ఇచ్చిన డబ్బు వృథా కాదు. మధ్యగీత మీద ముంతాజ్ సమాధి ఉండగా, షాజహాన్‌ది పక్కకి జరిగి ఆ కట్టడంలోని సమతౌల్యాన్ని చెడగొట్టడం కూడా అలాంటి సంగతే.

ఢిల్లీ టూర్లలో చాలా వాటికి ‘పాలరాతి పని చూపిస్తాం’ అనే మజిలీ ఉంటుంది. అక్కడ గంట పోతుంది, కొన్నదాంట్లో గైడ్‌కీ డ్రైవర్‌కీ వాటా పోతుంది. టార్చి వేసి వెలుగు దూరిందని చూపిస్తే అది తాజ్‌కి వాడిన రాజస్థాన్ మక్రానా పాలరాయేనని రుజువు కాదు. గోరుతో గీస్తే గీత పడేది మెత్తటి సబ్బురాయి. ఆ మజిలీ వద్దని బుకింగ్ రోజే రాసి పెట్టండి, బండెక్కాక చెప్తే ఎవరూ వినరు.

ఏది మేలంటే, ఒక రాత్రి చేతిలో ఉంటే ఆగ్రాలో పడుకోవడమే మేలు. పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే ఇంకో ఆలోచనే అక్కర్లేదు. ఢిల్లీలో పని మీద వచ్చి ఒక్క పగలే మిగిలినవాళ్లకి కారు టూర్ సరే, అదీ ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటిదాకా, లేదా అక్టోబరులో. ఆ రోజు రాత్రే హైదరాబాద్ విమానం ఉంటే ఎనిమిది గంటల లోపుది తీసుకోకండి. ఆగ్రాలో ఒంటిగంటకి కదిలినా విమానాశ్రయం చేరేసరికి సాయంత్రం అయిదు దాటొచ్చు, మధ్యలో డ్రైవర్ తప్పకుండా పేఠా కొట్టు దగ్గర ఆపుతాడు. బూడిద గుమ్మడికాయతో చేసే మిఠాయి అది. పేరున్న కొట్ల పేర్లతోనే పక్కపక్కన నకళ్లు ఉంటాయి, తూకం వేసేముందు ఒక ముక్క రుచి చూసి కొనండి.